పాత ఆటకు కొత్త కంప్యూటర్‌లో ఒక పోర్షన్

‘మిడ్‌టౌన్ మ్యాడ్‌నెస్’ 1999లో వచ్చింది. షికాగో వీధుల్లో సిగ్నళ్లను లెక్కచేయకుండా ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ మొదలుకొని సిటీ బస్సు దాకా ఏది పడితే అది తోలుకోవడమే ఆ ఆట. మన ఊళ్లలో నెట్ సెంటర్లు, కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లు కొత్తగా వెలుస్తున్న కాలంలో చాలామంది మొదటిసారి కారు నడిపింది కీబోర్డు బాణాల మీద, ఆ షికాగోలోనే. ఇప్పుడు డబ్బు పెట్టి కొందామన్నా ఆన్‌లైన్ స్టోర్లలో ఆ ఆట దొరకదు. పాత సీడీ ఉంటే అదే ఆధారం. ఆ కాలపు సీడీని విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో పెట్టినవాళ్లను అడిగితే తలా ఒక జవాబు చెబుతారు. సెటప్పే మొదలవలేదని ఒకరు, ఆట తెరవగానే తెర నల్లబడి మళ్లీ డెస్క్‌టాప్ వచ్చేసిందని ఇంకొకరు, ఆడింది గానీ రంగులన్నీ చెదిరిపోయాయని మరొకరు.

దీనికి అందరూ చెప్పే మందు వర్చువల్ మెషీన్. మన కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో ఇంకో కంప్యూటర్‌ను తయారుచేసి, అందులో పాత విండోస్ ఎక్కించడం. మేడమీద గదిని వేరే వంటిల్లు, వేరే కరెంటు మీటరు పెట్టి అద్దెకిచ్చినట్టు అన్నమాట. అద్దెకున్నవాళ్లకు అది విడి ఇల్లే, నీళ్ల ట్యాంకు మాత్రం రెండు కాపురాలకూ ఒకటే. ఆ పోర్షన్‌లో ఎక్స్‌పీ దిగుతుంది. కింద ఉన్నది విండోస్ 11 అన్న సంగతి దానికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఇలా లోపల దిగినదాన్ని గెస్ట్ అనీ, కింద ఉన్నదాన్ని హోస్ట్ అనీ అంటారు.

అయితే మందు వేసేముందు జబ్బేమిటో చూడాలి. చాలామంది ఇక్కడ తొందరపడతారు. సాయంత్రమంతా కూర్చుని ఎక్స్‌పీ ఎక్కించి, డ్రైవర్లు వెతికి, తీరా చూస్తే ఆ ఆటకు ఎక్స్‌పీతో పనే ఉండదు.

ఆటకు ఏం కరువైంది?

పాత ఆట ఆగిపోయేది కొత్త మెషీన్‌లో శక్తి చాలక కాదు. తను పుట్టిన రోజుల్లో చుట్టూ ఉన్నదేదో ఇప్పుడు లేదు. ఆ లేనిది మూడింటిలో ఒకటి.

మొదటిది పాత ఆపరేటింగ్ సిస్టమ్. 90లలో వచ్చిన ఆటలు చాలావాటిలో ఆట 32 బిట్‌దైనా, దాన్ని ఎక్కించే సెటప్ ప్రోగ్రామ్ 16 బిట్‌ది. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములు నడవవు. విండోస్ 11లో 32 బిట్ వెర్షనే లేదు కాబట్టి ఇక ఆ దారి మూసుకుపోయినట్టే. సీడీ కాపీ రక్షణల సంగతీ ఇదే. సేఫ్‌డిస్క్ అనే రక్షణ పనిచేయాలంటే విండోస్ లోపల దాని డ్రైవర్ ఒకటి ఉండాలి. ఆ డ్రైవర్‌లో భద్రతా లోపాలున్నాయని మైక్రోసాఫ్ట్ 2015లో ఒక అప్‌డేట్ ద్వారా పాత విండోస్‌లలో దాన్ని ఆపేసింది, విండోస్ 10లోకి అసలు రానివ్వలేదు. అసలైన సీడీ, డబ్బు పెట్టి కొన్న సీడీ చేతిలో ఉన్నా ఆట మొండికేస్తుంది.

రెండోది పాత గ్రాఫిక్స్ కార్డు. 90ల చివర్లో 3డీఎఫ్‌ఎక్స్ కంపెనీ తయారుచేసిన వూడూ కార్డులకు గ్లైడ్ అని వాటి సొంత భాష ఉండేది. ‘నీడ్ ఫర్ స్పీడ్ 2’ స్పెషల్ ఎడిషన్ లాంటి ఆటల అసలు అందం కనిపించేది ఆ కార్డు ఉన్న మెషీన్‌లోనే. 2000 డిసెంబర్‌లో ఆ కంపెనీ ఆస్తులను ఎన్‌విడియా కొనేసుకుంటున్నట్టు ప్రకటన వచ్చింది. గ్లైడ్ అంతటితో ఆగిపోయింది.

మూడోది వింతగా ఉంటుంది. కొన్ని ఆటలకు కరువైంది నిదానం. 1990లో వచ్చిన ‘వింగ్ కమాండర్’ ప్రాసెసర్ ఎంత వేగంగా నడిస్తే తానూ అంత వేగంగా పరిగెడుతుంది. కొత్త మెషీన్‌లో పెడితే కన్ను మూసి తెరిచేలోపు మన విమానం పేలిపోతుంది. 1998 నాటి ‘గ్రిమ్ ఫాండాంగో’లో లిఫ్ట్‌ను ఫోర్క్‌లిఫ్ట్ బండితో మధ్యలో ఆపాల్సిన ఘట్టం ఒకటుంది. వేగమైన ప్రాసెసర్ మీద లిఫ్ట్ ఎంత జోరుగా పోతుందంటే దాన్ని ఆపడం మనిషి తరం కాదు. దానికోసం ఆట తయారుచేసినవాళ్లే విడిగా ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది.

వర్చువల్ మెషీన్ ఈ మూడింటిలో మొదటి కరువును పూర్తిగా తీరుస్తుంది. రెండోదాన్ని సగం తీరుస్తుంది. మూడోదాన్ని తీర్చదు. ఎందుకంటే అది మన ప్రాసెసర్‌నే నేరుగా వాడుకుంటుంది. ఇంటెల్ 2005లో, ఏఎండీ 2006లో ప్రాసెసర్ లోపలే పెట్టిన వర్చువలైజేషన్ సదుపాయం ఉన్నది అందుకే, గెస్ట్ పని దాదాపు అసలు వేగంతో సాగడానికి. నెమ్మదిగా నడిచే పాత ప్రాసెసర్ కావాలంటే ఎమ్యులేటర్ వాడాలి. అది పాత చిప్పును అడుగడుగునా అనుకరిస్తుంది. ఈ రెండింటినీ ఒకటిగా చూసేవాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడతారు.

అందుకని డాస్ ఆటలకు, అంటే ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’, ‘డేంజరస్ డేవ్’, ‘డూమ్’ వరసకు, వర్చువల్ మెషీన్ జోలికే పోకండి. డాస్‌బాక్స్ అనే ఉచిత ఎమ్యులేటర్ 2002 నుంచి ఉంది. కంట్రోల్‌తో ఎఫ్11 నొక్కితే వేగం తగ్గుతుంది, ఎఫ్12 నొక్కితే పెరుగుతుంది. ఆట సౌండ్ సెటప్‌లో అడిగితే సౌండ్ బ్లాస్టర్ 16 అని చెప్పి, పోర్ట్ 220, ఐఆర్‌క్యూ 7, డీఎంఏ 1 ఇస్తే చాలు. ‘డూమ్’కైతే వాళ్లూ వీళ్లూ రాసిన కొత్త ఇంజిన్లు బోలెడు.

విండోస్ ఆటే అయినా ఇంకో రెండు చోట్ల చూసి రండి. 2008లో మొదలైన గాగ్ అనే స్టోర్ పాత ఆటలను కొత్త విండోస్‌లో నడిచేలా సరిచేసి అమ్ముతుంది. రెండోది డీజీవూడూ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్. గ్లైడ్, పాత డైరెక్ట్‌ఎక్స్ భాషలను ఇప్పటి గ్రాఫిక్స్ కార్డుకు అర్థమయ్యేలా తర్జుమా చేస్తుంది. దాని ఫైళ్లు రెండు మూడు ఆట ఫోల్డర్‌లో వేస్తే పని అయిపోయిన సందర్భాలు ఎన్నో. ఇవి రెండూ కుదరకపోతేనే, సెటప్పే నడవకపోతేనే, సీడీ రక్షణ అడ్డం వస్తేనే పోర్షన్ కట్టండి. దాదాపు 1998 నుంచి 2006 మధ్య వచ్చిన విండోస్ ఆటలకు ఎక్స్‌పీ పోర్షన్ సరిగ్గా సరిపోతుంది.

సరంజామా

కంప్యూటర్ సంగతి ముందు. టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ మీద నొక్కితే, కింద వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అని ఉండాలి. డిసేబుల్డ్ అని ఉంటే బయోస్‌లోకి వెళ్లి మార్చాలి. ఇంటెల్ అయితే వీటీ ఎక్స్ అనో వర్చువలైజేషన్ టెక్నాలజీ అనో ఉంటుంది, ఏఎండీ అయితే ఎస్‌వీఎం మోడ్ అని. ర్యామ్ 8 జీబీ ఉంటే ధారాళంగా సరిపోతుంది. సొంత చిప్పులున్న కొత్త మ్యాక్‌లవాళ్లకు మాత్రం ఈ దారి లేదు. అవి ఆర్మ్ జాతి ప్రాసెసర్లు, ఎక్స్‌పీకి ఆ భాష రాదు. వాళ్లు యూటీఎం లాంటి ఎమ్యులేటర్‌తో నెట్టుకురావాలి, వేగం తగ్గుతుంది.

సాఫ్ట్‌వేర్ ఏది? వర్చువల్‌బాక్స్ అందరికీ తెలిసింది, ఉచితం, తేలిక. కానీ 3డీ ఆటల కోసమైతే నా ఓటు దానికి కాదు. 2019 డిసెంబర్‌లో వచ్చిన 6.1 వెర్షన్ నుంచి పాత పద్ధతి 3డీ సదుపాయాన్ని అందులో తీసేశారు. దాంతో ఎక్స్‌పీ గెస్ట్‌లకు 3డీ పోయింది. ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ లాంటి 2డీ ఆటలకు అది ఇప్పటికీ చాలు. ‘మిడ్‌టౌన్ మ్యాడ్‌నెస్’కు మాత్రం వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో తీసుకోండి. ఎక్స్‌పీ లోపల డైరెక్ట్‌ఎక్స్ 9 దాకా 3డీ ఇస్తుంది. ఒకప్పుడు డబ్బు పెట్టి కొనాల్సి వచ్చేది. 2024 మేలో సొంత వాడకానికీ, అదే ఏడాది నవంబర్‌లో అందరికీ ఉచితం చేశారు. ఇప్పటి యజమాని బ్రాడ్‌కామ్ సైట్‌లో అకౌంట్ తెరిచి దించుకోవాలి. ఆ సైట్‌లో డౌన్‌లోడ్ బటన్ వెతకడమే ఈ మొత్తం పనిలో విసుగు పుట్టించే ఘట్టం, ఓపిక పట్టండి.

ఇక ఎక్స్‌పీ. మద్దతు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయినా అది ఉచితమేమీ కాలేదు. అటకమీద పాత ఎక్స్‌పీ డిస్క్, దాని 25 అక్షరాల కీ ఉంటే అదృష్టం. కంప్యూటర్‌తో పాటు వచ్చి క్యాబినెట్ మీద స్టిక్కర్ అంటించి ఉన్న కీ ఆ కంప్యూటర్‌కే కట్టుబడిన లైసెన్స్. పెట్టెలో విడిగా కొన్నదైతే మరో మెషీన్‌కు మార్చుకునే హక్కు ఉంటుంది. నెట్‌లో ‘రెడీమేడ్ ఎక్స్‌పీ’ అని దొరికే ఫైళ్లను మాత్రం ముట్టుకోకండి. లోపల ఎవరేం పెట్టారో ఎవరికీ తెలియదు. సర్వీస్ ప్యాక్ 3 కలిసి ఉన్న డిస్క్ అయితే సగం పని తగ్గుతుంది. యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి అరువు తెచ్చుకుని, ఆ డిస్క్‌ను ఐఎస్ఓ ఫైలుగా, అంటే ఒకే ఫైలులో దాని నకలుగా, మార్చుకోండి. పాత డిస్క్ ఎన్నాళ్లు చదవగలిగేలా ఉంటుందో చెప్పలేం, ఇంట్లో రాసుకున్న సీడీలైతే మరీను.

కట్టడం

వీఎంవేర్‌లో కొత్త వర్చువల్ మెషీన్ అనగానే డిస్క్ ఎక్కడుందని అడుగుతుంది. ఐఎస్ఓ చూపించకండి. ‘ఆపరేటింగ్ సిస్టమ్ తర్వాత ఎక్కిస్తాను’ అనేదాన్ని ఎంచుకోండి. లేకపోతే ఈజీ ఇన్‌స్టాల్ పేరుతో తనే అన్నీ చేసేస్తానని ముందుకొస్తుంది, ఏం చేసిందో మనకు తెలియకుండా పోతుంది. గెస్ట్ రకం విండోస్ ఎక్స్‌పీ ప్రొఫెషనల్ అని చెప్పండి.

హార్డ్ డిస్క్ దగ్గర ఒక మెలిక ఉంది. అది ఐడీఈ రకంగానే ఉండాలి. ఎక్స్‌పీ పుట్టేనాటికి ఇప్పటి సాటా పద్ధతి లేదు, దానికి డ్రైవర్ లేదు. వీఎంవేర్ ఎక్స్‌పీ పేరు చెప్పగానే ఐడీఈ తనే పెడుతుంది. దాన్ని మార్చకండి. వర్చువల్‌బాక్స్‌లో చేసేవాళ్లు డిస్క్ కంట్రోలర్ సాటా మీద ఉందేమో చూసి ఐడీఈకి మార్చాలి. మరిచిపోతే సెటప్ మధ్యలో నీలి తెర వచ్చి కూర్చుంటుంది. సైజు 20 జీబీ చాలు, అదీ ఒకేసారి తీసుకోదు, నిండేకొద్దీ పెరుగుతుంది.

ర్యామ్ 1 జీబీ. ఇంకా ఇస్తే ఆటకు ఒరిగేదేమీ లేదు. ప్రాసెసర్ కోర్ ఒక్కటే ఇవ్వండి. చేతిలో పన్నెండు కోర్లున్నప్పుడు ఒకటే ఇవ్వడానికి మనసొప్పదు. కానీ ఆ రోజుల్లో ఆటలు రాసినవాళ్లు ఇంట్లో మెషీన్‌కు ఒక ప్రాసెసరే ఉంటుందని నమ్మి రాశారు. రెండోది కనబడితే వాటి గడియారం తికమక పడుతుంది. డిస్‌ప్లే సెట్టింగుల్లో 3డీ యాక్సిలరేషన్ టిక్ చేసి ఉందో లేదో చూడండి. యూఎస్‌బీ కంట్రోలర్ 2.0కి మార్చండి, ఎక్స్‌పీకి 3.0 తెలియదు.

నెట్‌వర్క్ కార్డు తీసేయండి. తీసేయడానికి మనసు రాకపోతే కనీసం డిస్కనెక్ట్ చేసి ఉంచండి. ఎక్స్‌పీకి భద్రతా మరమ్మతులు ఆగి పదేళ్లు దాటింది. 2017 మేలో వానాక్రై పురుగు ప్రపంచాన్ని చుట్టేసినప్పుడు మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి కూడా ఒక ప్యాచ్ ఇవ్వక తప్పలేదు. అంత తీవ్రమైన సంగతి. ‘మిడ్‌టౌన్ మ్యాడ్‌నెస్’లో కారు తోలడానికి ఇంటర్నెట్ ఎందుకు?

ఇప్పుడు సీడీ డ్రైవ్‌కు ఐఎస్ఓ చూపించి మెషీన్ ఆన్ చేయండి. నీలి తెర, తెల్ల అక్షరాలు. ఎంటర్ కొట్టి, ఎఫ్8తో ఒప్పందం ఒప్పుకుని, ఖాళీ డిస్క్ ఎంచుకుని ఎన్‌టీఎఫ్ఎస్ క్విక్ ఫార్మాట్. ఫైళ్లు కాపీ అయి రీస్టార్ట్ అయ్యాక, ఇంకా 39 నిమిషాలు పడుతుందని ఎడమపక్క రాసి చూపిస్తుంది. పాత మెషీన్లలో ఆ 39 నిమిషాలు టీ తాగి వచ్చినా అయ్యేవి కావు. ఎస్ఎస్‌డీ మీద ఆ అంకె చూస్తుండగానే కరిగిపోతుంది. కొండల మీద ఆకుపచ్చ గడ్డి, నీలాకాశం కనిపించాయంటే ఎక్స్‌పీ దిగినట్టే. యాక్టివేషన్ కోసం 30 రోజుల గడువు ఇస్తుంది. పెద్ద కంపెనీల మెషీన్లతో ఇచ్చిన డిస్కులు ఆ కంపెనీ బయోస్ కనబడితేనే ఊరుకుంటాయి, వర్చువల్ మెషీన్‌లో యాక్టివేషన్ తప్పక అడుగుతాయి.

ఈ దశలో తెర మొరటుగా, చిన్నదిగా ఉంటుంది. వీఎంవేర్ టూల్స్ ఎక్కించాలి. గ్రాఫిక్స్ డ్రైవర్ ఉండేది వాటిలోనే. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. కొత్త టూల్స్ ఎక్స్‌పీ మీద ఎక్కవు. ఎక్స్‌పీకి పనికొచ్చే చివరి వెర్షన్ 10.0.12, ‘విన్‌ప్రీవిస్టా’ అనే పేరుతో విడి ఐఎస్ఓగా ఉంటుంది. వీఎంవేర్ ఫోల్డర్‌లో లేకపోతే విడిగా దించుకుని సీడీలా తగిలించి సెటప్ నడపండి. రీస్టార్ట్ అయ్యాక తెర రంగులు 32 బిట్‌కు మార్చుకోండి.

తర్వాత డైరెక్ట్‌ఎక్స్. సర్వీస్ ప్యాక్ 3లో 9.0సీ ఉంది. 2005 తర్వాతి ఆటలు కొన్ని అదనపు ఫైళ్లు అడుగుతాయి. 2010 జూన్ నాటి డైరెక్ట్‌ఎక్స్ ప్యాకేజీతో ఆ గొడవ తీరుతుంది. ఇప్పుడు స్టార్ట్‌లో రన్ తెరిచి డీఎక్స్‌డయాగ్ అని కొట్టి, డిస్‌ప్లే ట్యాబ్‌లో డైరెక్ట్3డీ టెస్ట్ నొక్కండి. ఒక ఘనం గిరగిరా తిరిగితే 3డీ అందుతున్నట్టు. తిరగలేదా, ఆట సీడీ ఇంకా తీయకండి. టూల్స్ మళ్లీ ఎక్కించి, మెషీన్ హార్డ్‌వేర్ కంపాటిబిలిటీని పాత వెర్షన్‌కు మార్చి చూడండి. ఈ ఘనం తిరగకుండా ముందుకు పోతే తర్వాత వచ్చే ప్రతి తప్పునూ ఆట మీదకు నెట్టేస్తాం.

ఘనం తిరిగిందా? ఎక్స్‌పీని షట్‌డౌన్ చేసి స్నాప్‌షాట్ తీయండి. ‘ఖాళీ ఎక్స్‌పీ’ అని పేరు పెట్టండి. రేపు ఏ ఆట అయినా డ్రైవర్లను చెడగొడితే ఒక్క నొక్కుతో ఇక్కడికి తిరిగి రావచ్చు. అసలు మెషీన్‌లో లేని సుఖం ఇదొక్కటే అయినా వర్చువల్ మెషీన్ పెట్టుకోవచ్చనిపిస్తుంది నాకు.

సీడీ పెట్టడం

ఆట సీడీని ఐఎస్ఓగా మార్చి తగిలించడం తేలిక దారి, చాలా ఆటలకు అదే సరిపోతుంది. రెండు చోట్ల మాత్రం పనిచేయదు.

ఒకటి పాటలున్న సీడీలు. 90ల ఆటలు కొన్ని సంగీతాన్ని మామూలు ఆడియో సీడీ ట్రాకుల్లాగే అదే డిస్క్ మీద పెట్టేవి. 1996 నాటి ‘క్వేక్’ సీడీని మ్యూజిక్ సిస్టమ్‌లో పెట్టి పాటలు వినొచ్చు. ఐఎస్ఓ అనేది డేటా ట్రాకును మాత్రమే దాచుకుంటుంది. ఆట నడుస్తుంది, సంగీతం ఉండదు. మన దగ్గర చేతులు మారిన కాపీ సీడీల్లో ఆటలు చాలావరకు మూగవి కావడానికి ఇదొక కారణం. ఆ ఆటలకసలు సంగీతం ఉందనే తెలియకుండా పెరిగినవాళ్లున్నారు. ఇలాంటి సీడీని బిన్, క్యూ ఫైళ్ల జంటగా కాపీ చేసుకోవాలి. ఎక్స్‌పీ లోపలే వర్చువల్ సీడీ డ్రైవ్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ ఒకటి ఎక్కించి ఆ క్యూ ఫైలును తగిలించాలి.

రెండోది సేఫ్‌డిస్క్, సెక్యూరామ్ లాంటి రక్షణలు. అవి వెతికేది ఫైళ్లను కాదు, డిస్క్ మీద కావాలని పెట్టిన లోపాలను, గుర్తులను. మామూలు ఐఎస్ఓలో అవి రావు. యూఎస్‌బీ డ్రైవ్‌లో అసలు సీడీ పెట్టి, ఆ డ్రైవ్‌నే వీఎంవేర్ మెనూ నుంచి నేరుగా గెస్ట్‌కు కనెక్ట్ చేయండి. ఎక్స్‌పీలో సేఫ్‌డిస్క్ డ్రైవర్‌కు అడ్డు లేదు కాబట్టి ఆట తన సీడీని గుర్తుపడుతుంది.

ప్యాచ్‌లూ, ఇతర ఫైళ్లూ లోపలికి పంపడానికి వీఎంవేర్ షేర్డ్ ఫోల్డర్ వాడండి. కొందరు నెట్‌వర్క్ షేరింగ్‌తో ప్రయత్నిస్తారు. ఎక్స్‌పీకి తెలిసిన ఎస్‌ఎంబీ1 పద్ధతి 2017 చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి మామూలుగా ఉండదు. దాన్ని వెతికి ఆన్ చేసుకోమని ఎవరైనా చెబితే వినకండి, వానాక్రై పాకింది ఆ దారిలోనే.

ఆట మొదలయ్యాక

మొదట చెడేది మౌస్. తుపాకీ ఆటల్లో చెయ్యి కొంచెం కదిపితే తెర బొంగరంలా తిరిగి నేలకేసి చూస్తుంది. మౌస్ బాణం హోస్ట్‌కూ గెస్ట్‌కూ మధ్య స్వేచ్ఛగా తిరిగేలా చేసిన ఏర్పాటే దీనికి కారణం. ఆటకు కావాల్సింది మౌస్ ఎంత కదిలిందన్న లెక్క, దానికి అందేది తెర మీద ఎక్కడుందన్న చిరునామా. వీఎంవేర్ ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్ కింద ఆటల కోసం మౌస్‌ను సర్దే ఐచ్ఛికం ఉంది, దాన్ని ‘ఎప్పుడూ’ అని పెట్టండి. వర్చువల్‌బాక్స్‌లో ఇన్‌పుట్ మెనూలో మౌస్ ఇంటిగ్రేషన్ తీసేయాలి. మౌస్ లోపల ఇరుక్కుపోతే కంగారు పడకండి. వీఎంవేర్‌లో కంట్రోల్, ఆల్ట్ కలిపి నొక్కితే, వర్చువల్‌బాక్స్‌లో కుడిపక్క కంట్రోల్ నొక్కితే బయటికొస్తుంది.

తర్వాత బొమ్మ ఆకారం. 640 బై 480 ఆటను వెడల్పాటి తెర నిండా లాగితే బీటిల్ కారు కాస్తా అప్పడంలా నలిగిపోతుంది. స్ట్రెచ్ ఐచ్ఛికంలో నిష్పత్తి చెడకుండా లాగేదాన్ని ఎంచుకోండి, రెండు పక్కలా నల్ల పట్టీలు ఉంటే ఉండనివ్వండి. 256 రంగుల ఆటలు రంగులు చెడి కనిపిస్తే, ఎక్స్‌పీలో ఆట ఐకాన్ ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్‌కు వెళ్లి 256 రంగులు టిక్ చేయాలి. ‘మిడ్‌టౌన్ మ్యాడ్‌నెస్’లో హార్డ్‌వేర్ 3డీతో బొమ్మలు మినుకుమంటే దాని సెట్టింగుల్లోనే సాఫ్ట్‌వేర్ రెండరింగ్ ఉంది. 1999లో అది పేదవాడి దారి. ఇప్పటి ప్రాసెసర్‌కు లెక్కలోకి రాని పని.

మొత్తం మెషీనే నత్తనడక నడుస్తుంటే తప్పు హోస్ట్‌ది. విండోస్ 11లో కోర్ ఐసొలేషన్, మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణలు మైక్రోసాఫ్ట్ సొంత హైపర్‌వైజర్ మీద ఆధారపడతాయి. అది మేలుకుని ఉన్నంతసేపూ మిగతావాళ్లు దాని ద్వారానే వెళ్లాలి. అప్పుడు వర్చువల్‌బాక్స్ కిటికీ కింద ఆకుపచ్చ తాబేలు బొమ్మ ఒకటి కనిపిస్తుంది. ఆ బొమ్మ పెట్టినవాళ్ల హాస్యానికి దండం పెట్టాలి. ఆ రక్షణ తీసేస్తే వేగం పెరుగుతుంది. కానీ బ్యాంకు పనులు చేసుకునే ల్యాప్‌టాప్‌లో పాత కారు ఆట కోసం దాన్ని తీయమని నేను చెప్పను. 2డీ ఆటలకు తాబేలుతోనే సర్దుకోవచ్చు.

ఇక ఆట మరీ వేగంగా పోతుంటే? వర్చువల్‌బాక్స్‌లో ప్రాసెసర్ వాడకానికి పరిమితి పెట్టే మీట ఉంది. 20 శాతం అని పెట్టి చూస్తారు. ఆట నెమ్మదించదు, కుంటుతుంది. ఆ మీట ప్రాసెసర్‌ను నిదానింపజేయదు, కాసేపు పరిగెత్తనిచ్చి కాసేపు ఆపుతుంది. ఇది మూడో కరువు. దీనికి 86బాక్స్ సరైన దారి.

86బాక్స్ పాత కంప్యూటర్‌ను మదర్‌బోర్డు దగ్గర్నుంచి అనుకరించే ఎమ్యులేటర్. పీసీఈఎమ్ అనే పాత ప్రాజెక్టు నుంచి చీలి వచ్చింది. అందులో మీరు 1998లో దుకాణదారుకు చెప్పినట్టే చెప్పి మెషీన్ కట్టించుకోవచ్చు. పెంటియం ఎంఎంఎక్స్ 200, ఎస్3 గ్రాఫిక్స్ కార్డు, పక్కన వూడూ 2, సౌండ్ బ్లాస్టర్ 16, 64 ఎంబీ ర్యామ్. పాత బోర్డుల బయోస్ ఫైళ్ల కట్ట ఒకటి విడిగా పెట్టుకోవాలి. అందులో విండోస్ 98 సెకండ్ ఎడిషన్ ఎక్కిస్తే గ్లైడ్ ఆటలు గ్లైడ్‌లోనే ఆడతాయి, బిన్, క్యూ సీడీల సంగీతం కూడా మోగుతుంది. కిటికీ పైపట్టీలో శాతం ఒకటి కనిపిస్తూ ఉంటుంది. అది 100 దగ్గర నిలకడగా ఉండాలి. పడిపోతుంటే మీ ప్రాసెసర్ మోయలేకపోతోందన్నమాట, చిన్న పెంటియం ఎంచుకోండి.

విండోస్ 98ని వర్చువల్‌బాక్స్‌లోనో వీఎంవేర్‌లోనో ఎక్కించాలని పట్టుపట్టేవాళ్లూ ఉన్నారు. వర్చువల్‌బాక్స్ దానికి గెస్ట్ అడిషన్స్ అనే డ్రైవర్ల కట్ట ఇవ్వదు. కొత్త ప్రాసెసర్ల మీద విండోస్ 98 ప్రొటెక్షన్ ఎర్రర్‌తో కూలుతుంది, ప్యాచర్9ఎక్స్ అనే మరమ్మతు చేస్తే నిలబడుతుంది. ర్యామ్ 512 ఎంబీ మించి ఇస్తే మరో పేచీ. పట్టుదల ఉంటే సాధ్యమే, సుఖం లేదు.

ఇద్దరు కలిసి ఆడాలంటే పాత లాన్ ఆటలు కొన్ని ఐపీఎక్స్ అనే పద్ధతి అడుగుతాయి. 1996 నాటి ‘రెడ్ అలర్ట్’ ఆ కోవలోది. విస్టాతో మైక్రోసాఫ్ట్ దాన్ని వదిలేసింది. ఎక్స్‌పీ నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌లో ఇప్పటికీ ప్రోటోకాల్‌గా కలుపుకోవచ్చు. అప్పుడు తీసేసిన నెట్‌వర్క్ కార్డు మళ్లీ పెట్టి, బ్రిడ్జ్ మోడ్‌లో రెండు కంప్యూటర్లను కేబుల్‌తో కలపండి. వైఫై మీద ఐపీఎక్స్ మొరాయిస్తుంది. ఆడినంతసేపూ రౌటర్‌కు వచ్చే ఇంటర్నెట్ వైరు పీకేసి ఉంచండి.

ఈ ఎక్స్‌పీ పోర్షన్ ఆటలకే కాదు, పాత అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసిన పెళ్లి శుభలేఖలూ, పుస్తకాల ఫైళ్లూ తెరవాల్సిన డీటీపీవాళ్లకూ పనికొస్తుంది. వాళ్లకు 3డీతో పని లేదు కాబట్టి వర్చువల్‌బాక్స్ చాలు.

చివరగా సేవ్ ఫైళ్ల సంగతి. ఆ రోజుల్లో ఆటలు మనం గెలిచిన రేసుల లెక్కలూ, దాటిన మెట్లూ చాలావరకు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో తమ ఫోల్డర్‌లోనే దాచుకునేవి. స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్తే ఎక్స్‌పీ మాత్రమే కాదు, అవి కూడా వెనక్కి పోతాయి. కాబట్టి వెనక్కి వెళ్లేముందు ఆట ఫోల్డర్‌ను షేర్డ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి. స్నాప్‌షాట్‌ను బ్యాకప్ అనుకోవద్దు, అసలు డిస్క్ పోతే అదీ పోతుంది. మెషీన్ ఆఫ్ చేసి, దాని ఫోల్డర్ మొత్తాన్ని బయటి హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించండి. ల్యాప్‌టాప్ మారినప్పుడు ఆ ఫోల్డర్‌ను కొత్తదాంట్లో వేసి తెరిస్తే ‘కదిలించారా, కాపీ చేశారా’ అని వీఎంవేర్ అడుగుతుంది. కదిలించానని చెప్పండి. కాపీ అంటే నెట్‌వర్క్ కార్డు నంబరు లాంటి గుర్తింపులు మారిపోతాయి, ఎక్స్‌పీ మళ్లీ యాక్టివేషన్ అడిగే అవకాశం ఉంది.